డబ్బాలో సీతాకోకచిలుక కోసం చూస్తే ఈగలొచ్చాయి, ఎవరైనా చెప్పగలరా?

గట్టుమీద ఫొటోలు

నమస్కారమండీ. పురుగుల గురించి నాకు ఓనమాలు రావు. పెళ్ళిళ్ళకి ఫొటోలు తీసుకునేవాణ్ణి. మా ఊరు సిద్ధాంతం వంతెనకి దిగువన, వశిష్ఠ ఏటిగట్టుని ఆనుకునే ఉంటుంది. ఈసారి ఉగాది ముందు మూఢం పడి బుకింగులు లేవు. డాక్టరుగారేమో సుగరు రిపోర్టు చూసి రోజూ గంట నడవాల్సిందే అన్నారు. అంచేత పొద్దున్నే గట్టెక్కుతున్నా. ఊరికే పడుంటే లెన్సుకి బూజు పడుతుందని కెమెరా కూడా భుజానేసుకుంటున్నా. ఉంగరాలూ మంగళసూత్రాలూ తీయడానికి ఎప్పుడో కొన్న 100 ఎంఎం మ్యాక్రో లెన్సండి. పాపం, కొన్న దగ్గర్నుంచీ బంగారం తప్ప ఇంకేదీ చూడలేదది.

మార్చిలో గోదారి సంగతి తెలిసిందే. నీళ్ళు అవతలి ఒడ్డుకి జరిగిపోయి ఇవతల ఇసుక మేటలు తేలాయి. దసరాలప్పుడు తెల్లగా ఊగిన రెల్లు ఇప్పుడు ఎండి గరగరమంటోంది. గట్టు మీద కానుగలు ఆకు రాల్చేసి మళ్ళీ నిగనిగలాడే చిగురేసుకున్నాయి. ఏటి వైపు వాలంతా వెంపలి, తుమ్మి, గడ్డిచామంతి. వాటి మధ్యన, ఎవరూ పిలవకపోయినా వచ్చి కూర్చున్న వయ్యారిభామ. రేవు మెట్లకి ఈ పక్కన నాలుగు జిల్లేడు పొదలున్నాయి, ఊదారంగు పూలవి. నా కథంతా ఆ నాలుగు పొదల దగ్గరే.

మొదట తుమ్మెదల కోసం ఆగాను. ఒళ్ళంతా నలుపు, ఎండ పడితే రెక్కల్లో నీలం మెరుపు. వాలితే పూలగుత్తి కిందికి వంగిపోతుంది. ఒకదాన్ని ఫొటో తీసి ఇంటికొచ్చి పెద్దది చేసి చూస్తే, దాని కాలికి పసుప్పచ్చగా రెండు బుల్లి పలుకులు జంటగా వేలాడుతున్నాయి, అచ్చం మంగళసూత్రాల్లాగా. అవేంటో కూడా చెప్పండి.

తర్వాత గొంగళి పురుగులు కనబడ్డాయి. వెంట్రుకలుండవు. నలుపూ తెలుపూ పట్టీలు, వాటి మీద పసుప్పచ్చ మచ్చలు, ముందు రెండు, నడుం మీద రెండు, వెనక రెండు నల్లటి మెత్తటి కొమ్ములు. మా పెళ్ళి బ్యాండువాళ్ళ యూనిఫాం గుర్తొచ్చింది. తిండి తినే పద్ధతి మాత్రం ఓ పావుగంట కూర్చుని చూశానండి. ముందు ఆకు నడిమి ఈనెని కొరికింది. పాలు బొట్టుబొట్టుగా కారాయి. మూతికంటుకున్నదాన్ని ఆకుకేసి తుడుచుకుంది. పాల జోరు తగ్గాక, కొరికిన చోటికి అవతల ఉన్న ఆకుని అంచు నుంచి మొదలుపెట్టి గబగబా నమిలేసింది. కొళాయి కట్టేసి పని మొదలెట్టినట్టు!

ఆ రోజు నాలుగు పొదల మీదా కలిపి 11 లెక్కపెట్టాను. అయిదో రోజు వెళ్తే 3. మిగతా 8 ఏమైపోయాయి? ఇది మొదటి ప్రశ్న.

అసలు ప్రశ్న రెండోది. బాగా లావెక్కిన పురుగొకదాన్ని కొమ్మతో సహా ఇంటికి తెచ్చి, ఖాళీ పూతరేకుల డబ్బాలో పెట్టి, పైన దోమతెర గుడ్డ కట్టాను. మర్నాడే గుడ్డకి తలకిందులుగా వేలాడింది. ఇంకో రోజుకి లేతాకుపచ్చ గూడైంది. దాని మీద సన్నటి నల్లగీత, గీత పక్కనే బంగారు చుక్కల వరస. అబద్ధం కాదండీ, బంగారం ఫొటోలు తీసినవాణ్ణి, ఆ మెరుపు నాకు తెలుసు. ఇంట్లో అందరికీ పిలిచి చూపించాను.

అయిదో రోజుకి గూడు మట్టిరంగుకి తిరిగింది. ఆరో రోజు పొద్దున గూటి నుంచి తెల్లటి జిగట దారాలు కిందికి వేలాడుతున్నాయి. డబ్బా అడుగున నాలుగు తెల్ల పురుగులు, కాళ్ళు లేవు, బియ్యపు గింజల్లా ఉండి కదులుతున్నాయి. సాయంత్రానికి అవే బిగుసుకుపోయి ముదురు గోధుమరంగు గింజలయ్యాయి. పది రోజులు పోయాక మూడు గింజల మూతలు లేచిపోయి, మూడు బూడిదరంగు ఈగలు గుడ్డ మీద కూర్చున్నాయి. ఇంటి ఈగ కన్నా కాస్త పెద్దవి, వెనకభాగమంతా ముళ్ళలాంటి వెంట్రుకలు.

మా ఆవిడ "ముందే చెప్పాను, కుళ్ళిపోయింది పారెయ్యండి అని" అంటోంది. నేను గాలాడకుండా చేసి చంపేశానా? చచ్చాక ఈగలొచ్చి గుడ్లు పెట్టాయా? ఎక్కడ తప్పు చేశాను?

పురుగులబడి

గట్టుమీద ఫొటోలు గారూ, మీ తప్పేమీ లేదు. మీరు డబ్బాలో పెట్టేటప్పటికే దాని కథ తేలిపోయింది. నేను వ్యవసాయం చదివినవాణ్ణి, పొలాల్లో ఈ తంతు చాలాసార్లు చూశాను.

అవి టాకినిడ్ ఈగలు. ఇంటి ఈగ పిల్లలు కుళ్ళినదాన్ని తింటాయి, ఇవి బతికున్న పురుగు లోపల ఉండి తింటాయి. తల్లి ఈగల్లో కొన్ని గొంగళి ఒంటి మీదే గుడ్డు అంటిస్తాయి. కొన్ని మరీ చిన్న గుడ్లని ఆకు అంచున పెట్టి వెళ్ళిపోతాయి, గొంగళి ఆకుతో పాటు వాటినీ మింగేస్తుంది. లోపలికి చేరిన పిల్ల, గొంగళి ప్రాణం తీసే భాగాల జోలికి వెంటనే పోదు. అది తింటూ ఎదుగుతూ ఉండాలి కదా, లేకపోతే తనకీ తిండి ఉండదు. అందుకే మీ పురుగు చక్కగా తిని, చక్కగా వేలాడి, చక్కగా గూడు కట్టింది. పని ముగిశాక అవి గూడు చీల్చుకుని, ఆ జిగట దారం పట్టుకుని నేలకి దిగాయి. బయటైతే మట్టిలోకో రాలిన ఆకుల కిందికో దూరేవి. మీ దగ్గర పూతరేకుల డబ్బా అడుగు దొరికింది.

గొంగళి పేరు ప్లెయిన్ టైగర్. నారింజరంగు రెక్కలు, కొసల్లో నలుపు, అందులో తెల్లమచ్చలు ఉండే సీతాకోకచిలుక మీ గట్టు మీద తప్పకుండా తిరుగుతూ ఉంటుంది. ఆకు అడుగున ఒక్కో గుడ్డే పెడుతూ పోతుంది. జిల్లేడులోని విషాన్ని ఒంట్లో దాచుకుంటుంది కాబట్టి ఒకసారి రుచి చూసిన పిట్ట రెండోసారి ముట్టదు. కానీ ఆ విషం సాలీళ్ళనీ, కందిరీగల్నీ, పురుగుల్ని పొడిచి రసం పీల్చే నల్లుల్నీ అన్నిసార్లూ ఆపదు. మీ 8లో కొన్ని వాటి పాలైనవే. మిగతావి పూర్తిగా ఎదిగి ఉంటే పొద దిగి వెళ్ళిపోయి ఉంటాయి. గూడు జిల్లేడు మీదే కట్టాలని నియమం లేదు. చుట్టూ రెండు మూడు గజాల్లో వెంపలి కొమ్మల అడుగున వెతకండి. ఎండుపుల్ల మీదైతే ఆకుపచ్చ కాకుండా లేత గులాబీ, గోధుమ రంగుల్లో కూడా ఉంటుంది, జాగ్రత్తగా చూడాలి.

తుమ్మెద కాలి మంగళసూత్రాలు: జిల్లేడు పుప్పొడి పొడిగా రాలదు. మైనం ముద్దల్లాంటి రెండు సంచుల్లో ఉంటుంది, ఆ రెండిటినీ కలుపుతూ ఒక కొక్కెం ఉంటుంది. తుమ్మెద కాలు పువ్వు నడుమ ఉండే సందులో ఇరుక్కున్నప్పుడు కొక్కెం పట్టేస్తుంది. ఆ కాలు లాక్కోగలిగే బలం చిన్న ఈగలకి ఉండదు, అక్కడే చిక్కుకుని చచ్చినవి కూడా కనిపిస్తాయి. జిల్లేడుకి తుమ్మెద కావాల్సింది అందుకే.

కత్తిపీట

ఇంత రాద్ధాంతం ఎందుకు? ఆ ఈగల మీద కాస్త దోమల మందు కొడితే సీతాకోకచిలుకలన్నా మిగులుతాయి కదా.

మల్బరీ షెడ్డు

అన్నా, మాది హిందూపురం పక్కన పల్లె, పట్టుపురుగులు మేపుతాం. నువ్వు రాసింది చదువుతా ఉంటే ఒళ్ళు మండింది, నీ మీద కాదు, ఆ ఈగ మీద. మాకాడ దాన్ని ఊజీ ఈగ అంటారు. నీదీ మాదీ ఒకటేనో కాదో నాకు తెల్దు గానీ పని మాత్రం అదే పని. దారాలు, తెల్ల పురుగు, సాయంత్రానికి గింజ, అంతా అట్లే.

ఈ ఊజీ 1980లో బెంగాల్ నుంచి వచ్చిన గూళ్ళతో కర్ణాటకలో దిగిందంట, మా నాయన చెప్తా ఉండె. ఆయన పెండ్లయిన కొత్తలో షెడ్డుకి వలలు ఉండేవి కాదు. ఇప్పుడు కిటికీకి వల, వాకిలికి వల, లోపలికి పోయేదానికి రెండు తలుపులు. అయినా ఒక్క ఈగ దూరిందంటే చాలు. మూడో జ్వరం, నాలుగో జ్వరం (పురుగు మేత ఆపి పొర విడిచేదాన్ని మేం జ్వరం అంటాం) దాటిన లావు పురుగుల్నే ఏరుకుంటుంది. గుడ్డు పెట్టిన రెండు మూడు రోజులకి ఆడ ఒంటి మీద చిన్న నల్లమచ్చ పడుతుంది. మా యమ్మకి కండ్లద్దాలు లేకుండానే ఆ మచ్చ కనపడుతుంది. వేలితో చూపించి "ఇది పోయింది, ఏరెయ్" అంటుంది. ఏరకుండా వదిలేస్తే అది చంద్రిక (గూళ్ళు కట్టేదానికి పెట్టే వెదురు తట్ట) ఎక్కి గూడు కూడా కడుతుంది, ఈగ పురుగు మాత్రం గూటికి తూటు పెట్టుకుని బయటికొస్తుంది. తూటు పడిన గూడు దారం తీసేదానికి పనికిరాదు. మార్కెట్లో గూళ్ళని చేత్తో అట్ల కలిపి చూసి రేటు సగానికి కోసేస్తారు.

నీ దగ్గర పాత ఫొటోలు ఉండాయి గదా? డబ్బాలో వేసేకి ముందు తీసినవి ఒకసారి పెద్దవి చేసి చూడు. నల్లమచ్చ గానీ, తెల్లగా నువ్వుగింజ కన్నా బాగా చిన్నగా ఉండే గుడ్డు గానీ మెడ దగ్గరో పక్కలకో కనపడల్ల.

కత్తిపీట అన్నా, మందు కొడితే ఈగ ఒక్కటే చావదు, గొంగళీ చస్తుంది. మా షెడ్డు పక్క చేన్లో ఎవరో మందు కొడితే గాలికొచ్చి ఒక పంటంతా పోయింది మాకు.

పురుగులబడి

మల్బరీ షెడ్డు చెప్పినదానికి ఒక మాట. పట్టుపురుగు దగ్గర ఈ జాతి దొంగే. అదే కుటుంబం ఈగలు కంది, శనగ చేలల్లో పచ్చపురుగుని కూడా ఇలాగే లోపల్నుంచి తినేస్తాయి. అక్కడ రైతు దాన్ని గుర్తుపట్టడు, థాంక్స్ చెప్పడు, పైగా ఈగ అని తోలేస్తాడు.

గంగవాయిలి

నేను సింగూరు దగ్గరి ఊరిదాన్ని. అన్నా, ముందుగాల ఒక మాట చెప్తా, నారాజ్ కావద్దు. జిల్లేడు ఆకులు తిరగేసుడు, కొమ్మ ఇరిచి ఇంటికి తెచ్చుడు అన్నవు. ఆ చెయ్యి కంటికి తగలనియ్యకు. మా తమ్ముడు హనుమాన్లకు దండ అల్లుదామని పూలు తెంపి అదే చెయ్యితోని కన్ను నలుసుకున్నడు. నొప్పి ఎక్కువ లేకుండె, అందుకే ఎవ్వరం పట్టించుకోలే. తెల్లారి లేస్తే అంతా పొగమంచు లెక్క కనిపిస్తున్నదన్నడు. కండ్ల డాక్టరు దగ్గరికి ఉరికినం, చుక్కల మందు చాన రోజులు పడింది, మంచిగైంది. పాలు పడితే నొప్పి లేదని ఊకోవద్దు. నీళ్ళతోని బాగా కడిగి డాక్టరుకు చూపియ్యాలె. నువ్వు కెమెరాకు కన్ను ఆనిచ్చేటోనివి, ఇంకింత పైలం.

ఇంకొకటి. నీ గట్టు మీద నారింజ రెక్కలవి కనిపిస్తే అన్నీ ప్లెయిన్ టైగరే అనుకోకు. దాని వేషం కట్టే ఇంకో సీతాకోకచిలుక ఉన్నది, డానాయిడ్ ఎగ్‌ఫ్లై. దానికి విషం లేదు, విషమున్నదాని లెక్క కనబడి పిట్టల నుంచి తప్పించుకుంటది. వేషం కూడా ఆడదే కడతది, మగది నల్లగ, తెల్లటి గుండ్రటి మచ్చలు, వాటి చుట్టు నీలం. ఫొటోల గుర్తుపట్టుడు అల్కనే: వెనుక రెక్క నడుమ మూడు నాలుగు నల్లచుక్కలుంటే టైగర్, పై అంచుకు ఒక్కటే చుక్క ఉంటే వేషగత్తె. ఇది జిల్లేడు మీద గుడ్లు పెట్టదు. నా పేరు మీదున్న ఆకుకూర మీద పెడతది, గంగవాయిలి. మీ దిక్కు పావిలికూర అంటరు కావచ్చు. మా పెరట్ల కూరకు తెంపుతుంటే దొరికినయి, నల్లగ ముండ్లు ముండ్లుగ. మా అత్త కట్ట కట్ట ఇసిరేసింది.

నీళ్ళు ఎనుకకు పోయినంక తేలిన ఒండ్రు మీద నాగదంతి మొలుస్తది చూడు, పూలకంకి తేలు తోక లెక్క వంగి ఉంటది. అది పచ్చిగున్నప్పుడు కాదు, పీకి ఎండబెట్టినట్టు వాడిపోయినప్పుడు చూడాలె. ఈ టైగర్ మగవి గుంపులు గుంపులుగ దాని మీద వాలుతయి. పువ్వు లేదు, తేనె లేదు, ఎండిన కాడను కాళ్ళతోని గీకి పీలుస్తయి. అండ్ల ఉండే చేదు మందుతోని ఆడదాన్ని మెప్పించే వాసన తయారు చేసుకుంటయట. పెండ్లి ఫొటోలు తీసేటోనివి, నీకు ఇది పనికొస్తదని చెప్తున్న.

గట్టుమీద ఫొటోలు

అందరికీ దండాలండీ. ఆలస్యానికి ఏమనుకోకండి, మూఢం అయిపోయింది, రెండు పెళ్ళిళ్ళు తగిలాయి.

మల్బరీ షెడ్డు తమ్ముడూ, నువ్వన్నట్టే పాత ఫొటోలు తెరిచాను. నలభై దాకా ఉన్నాయి. అన్నీ నేను కొమ్ముల మీద ఫోకస్ పెట్టి తీసినవే. ముప్పై రెండో ఫొటోలో పురుగు కాస్త పక్కకి తిరిగింది. ముందు కొమ్ముల వెనక రెండో పట్టీ మీద, నలుపులో తెల్లటి గింజ! తెల్ల పట్టీ మీద ఉంటే నాకు జన్మలో కనబడేది కాదు. నాలుగొందల శాతం పెద్దది చేస్తే కోడిగుడ్డు ఆకారం, కొస దగ్గర చిన్న చీలిక. అంటే నేను "భలే పడింది ఫొటో" అనుకుని దాన్ని డబ్బాలో వేసేటప్పటికే అది ఖాళీ పెంకన్నమాట. మా ఆవిడకి చూపించాను. ఆవిడ చాలాసేపు చూసి, "మరి ఆ నాలుగిట్లో మిగతా మూడు గుడ్లు ఏ పక్కన ఉన్నాయి?" అంది. దీనికి నా దగ్గర సమాధానం లేదు, అవతలి పక్క ఫొటో తీయలేదు.

పురుగులబడి గారూ, గజంలోపు వెంపలి కొమ్మ అడుగున ఒకటి, ఎండిన రెల్లు పుల్ల మీద ఇంకోటి దొరికాయి. రెల్లు మీదది మీరన్నట్టే ఎండు గులాబీ రేకు రంగు. రెండూ ఖాళీవే, కింద చీలి ఉన్నాయి, దారాలు లేవు. అంటే ఎగిరిపోయినవే కదా? అలా అనుకునే ఇంటికొచ్చాను.

గంగవాయిలి అక్కా, కళ్ళజోడు పెట్టుకునే వెళ్తున్నాను. చేతి రుమాలు ఒకటి జిల్లేడుకే అంకితం చేశాను. మీరు చెప్పిన వేషగత్తె ఇంకా కనబడలేదు, వచ్చినవన్నీ మూడు చుక్కలవే. నాగదంతి మాత్రం లంక వైపు బురదలో బోలెడుంది. రెండు మొక్కలు పీకి గట్టు మీద ఎండకి పెట్టాను. రెండు రోజులూ ఏమీ రాలేదు. మూడో రోజు తొమ్మిదింటికి ఏడు వాలాయి, నేను మోకాళ్ళ మీద దగ్గరికి జరిగినా లేవలేదు. ముఖం మీదికి ఫ్లాష్ కొట్టినా పట్టించుకోని పెళ్ళికొడుకుని ఇప్పటిదాకా చూడలేదండి నేను.

ఇప్పుడు బాధ చెప్తాను. మొన్న నేను పెళ్ళిలో ఉండగా గట్టు మీద జంగిల్ క్లియరెన్స్ జరిగింది. మిషను పెట్టి వాలంతా గీసేశారు. తుమ్మి లేదు, వెంపలి లేదు, జిల్లేడు నాలుగు పొదలూ మోడులే. గట్టు గట్టిగా ఉండాలంటే పొదలు తీయాల్సిందేనని, వరదొచ్చినప్పుడు గండి ఎక్కడుందో కనబడాలని మా నాన్న అంటాడు. 1986 వరద చూసినవాడు, ఆయన మాట కాదనలేను. కానీ ఎవరూ పిలవని ఆ వయ్యారిభామ మాత్రం మిషను వెళ్ళిన నాలుగో రోజుకే లేచి నిలబడింది, దానికేం చెప్తారు? కొట్టేసిన జిల్లేడు కుప్పలో వాడిన ఆకుల మీద 7 పురుగులు ఇంకా పాకుతున్నాయి. రుమాల్లో వేసుకుని కిలోమీటరు నడిచి శ్మశానం పక్కనున్న పొదల మీద వదిలాను. అక్కడ నీలం, పసుపు చారల మిడతలు కాపురం పెట్టి సగం ఆకులు తినేసి ఉన్నాయి. ఒకదాన్ని ముట్టుకోబోతే చిర్రున ఏదో రసం చిమ్మింది, కళ్ళజోడు పుణ్యమా అని సరిపోయింది. ఆ మిడతలు నా ఏడింటినీ ఉండనిస్తాయా?

ఇంకోటండోయ్. డబ్బాలో నాలుగో గింజ ఇంకా పగల్లేదు. మిగతావి పగిలి ఇరవై రోజులైంది. ఊపితే లోపల ఏదో కదిలినట్టు చప్పుడొస్తోంది. పారెయ్యనా, ఉంచనా?

పురుగులబడి

ఉంచండి. మిడతల గురించి భయం లేదు, అవి ఆకు తినేవే, పురుగుల జోలికి రావు. గింజ సంగతి: ఊపితే గలగలమంటే లోపలి ఈగ ఎండిపోయి ఉండాలి. లేదా ఆ ఈగని కూడా ఎవరో తింటూ ఉండాలి. ఈగ గింజకి కన్నం పెట్టి గుడ్లు పెట్టే బుల్లి కందిరీగలున్నాయి, చీమంత కూడా ఉండవు. మీ దోమతెర గుడ్డ కన్నాల్లోంచి దూరిపోతాయి. గాజుసీసాలో వేసి మూతికి పల్చటి మల్లు గుడ్డ కట్టండి. ఆ లెన్సు దగ్గర పెట్టుకోండి.